సరంగు మాట: చిన్న ప్రయాణికుల పడవల పరిభాషను గూర్చి ఒక విమర్శ

1

మదనపల్లె, పుంగనూరు, కుప్పము – ఈ మూడును మెట్టసీమ ఊళ్లు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు దాని పడమటి భాగమున చేరినవి. మదనపల్లె ప్రక్కన బాహుద, కుప్పము ప్రక్కన పాలారు పేరునకు నదులే. కాని వానలు వెలిసిన తరువాత వానిలో మిగులునది ఇసుకయే. ఇట్టి సీమ నుండి పడవల పరిభాషను గూర్చి వ్రాయబూనుట కొందఱికి వింతగా తోపవచ్చును. అందుచేత మొదటనే కారణము చెప్పుట మంచిది.

2019 సెప్టెంబరు 15న దేవీపట్నము మండలములోని కచ్చులూరు వద్ద గోదావరిలో ఒక విహారపు పడవ మునిగినది. అందులో 77 మంది యుండగా 26 మంది మాత్రమే ప్రాణములతో బయటపడిరి. పాపికొండలు చూడవలెనని హైదరాబాదు, వరంగల్లు, విశాఖపట్నము, తిరుపతి ప్రాంతముల నుండి వచ్చినవారు ఆ పడవలో నుండిరి. అనగా నేటి ప్రయాణికుల పడవ ఏటి యొడ్డువారి పడవ మాత్రమే కాదు. మెట్టసీమవారును దాని నెక్కుచున్నారు. వారికి గోదావరి ఎంత క్రొత్తయో, గోదావరి పడవవాని మాటయు అంత క్రొత్తయే. హంద్రీ–నీవా పథకము క్రింద పుంగనూరు శాఖా కాలువ, కుప్పము శాఖా కాలువ ఏర్పడినవి. కృష్ణా జలములతో చెరువులు నిండిన చోట విహారపు పడవలు వచ్చుటకు ఎక్కువ కాలము పట్టదు. ఈ ప్రశ్న మా వాకిటికే వచ్చుచున్నదన్నమాట.

ఇంతవరకు మన భాషలో పారిభాషిక పదములను గూర్చి జరిగిన చర్చలలో ఎక్కువ భాగము ఒకే ప్రశ్న చుట్టును తిరిగినది: మాట సంస్కృతము కావలెనా, దేశ్యము కావలెనా, ఇంగ్లీషు నుండి దిగుమతి చేసికొనవలెనా? పాఠ్యపుస్తకమునకు ఈ ప్రశ్న తగియుండవచ్చును. పడవకు చాలదు. నడియేట నున్న సరంగు నోటినుండి వెలువడిన మాట ఒక్క క్షణములో, ఇంజను హోరులో, భయపడిన జనమునకు అర్థము కావలెను. కావున అట్టి మాటకు మూడు పరీక్షలు పెట్టవలెనని మా అభిప్రాయము. ఆ మాట మఱియొక మాటగా వినబడకుండునా? చెప్పినవానికిని విన్నవానికిని అర్థము ఒక్కటియేనా? తొందరలో తడబడకుండ పలుకవచ్చునా? పుట్టుపూర్వోత్తరముల విచారణ వీని తరువాతిది. ఈ వ్యాసమున కొన్ని మాటలను ఈ మూడు పరీక్షలకు గుఱిచేసి చూతుము.

2

మన సాహిత్యమున ఓడలు లేకపోలేదు. కాకతి గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనము 1244–45 నాటిది. అంతకు పూర్వము గాలివానకు ఒడ్డున బడిన ఓడల సరకును రాజులు స్వాధీనము చేసికొనుచుండిరి. తాను న్యాయమైన సుంకము తప్ప వేఱొకటి గైకొననని గణపతిదేవుడు ఓడవర్తకులకు అందు మాటయిచ్చెను. శ్రీనాథుని హరవిలాసమున అవచి తిప్పయసెట్టి వ్యాపారప్రసక్తిలో కప్పలి, జోంగు మొదలగు ఓడల పేర్లు కానవచ్చును. కప్పలి తమిళ తీరమును, జోంగు జావాద్వీప ప్రాంతమును స్మరింపజేయును. అయితే ఈ రెండు చోట్లను మనకు దొరకునది సరకు మాట, సుంకము మాట, ఓడ పేరు. ఓడ నడుపువాడు తన తోడివానితో ఏ మాట లాడెనో శాసనకర్తకును కవికిని అవసరము పడలేదు. కావ్యములలోని కర్ణధారుడు సంసారసాగరమును దాటించువాడే కాని, తాడు విప్పుమని కేకవేయువాడు కాడు.

ఆ కేకల భాష వేఱుగా పెరిగినది. దానిలో పొరలు పెక్కు. పడవ, తెప్ప, తెడ్డు, గడ, రేవు అనునవి మనకు ఇంటి మాటలు. లంగరు పారసీకము. ఖలాసి అరబ్బీ మూలముగా హిందుస్తానీ ద్వారమున వచ్చినది. లాంచీ, పంటు, ఇంజను, స్టీరింగు అనునవి ఇంగ్లీషు ఓడలతో దిగినవి. చుక్కానిని చాలమంది అచ్చతెలుగని తలంతురు. చుక్కను చూచి దారి నడపునది గనుక చుక్కాని అయినదని వ్యుత్పత్తి చెప్పువారును కలరు. ఊహ అందముగనే యున్నది, కాని నిలువదు. అరబ్బీలో సుక్కాన్ అనగా ఓడను త్రిప్పు సాధనము. తమిళములోని సుక్కాన్ అనునదియు అదియే. మన చుక్కాని ఆ తీరవర్తకపు మాటల కుటుంబములోనిది.

దీని నుండి మేము తీయు ఫలితార్థ మొక్కటి. పడవవాని భాషలో అన్యదేశ్యమును ఏఱివేయబూనిన శుద్ధవాది మొట్టమొదట చుక్కానినే విడిచిపెట్టవలసి వచ్చును. చుక్కాని లేక పడవ నడువదు గదా. నాలుగు రేవుల నీరు త్రాగిన మాటలు పడవ భాషకు లోపము కావు, స్వభావము. కనుక మాట ఎచ్చటి నుండి వచ్చినదను ప్రశ్నతో ఇచ్చట పని తీఱదు.

3

ఇక పడవకు పెద్ద ఎవడు? ఈ ఒక్కనికి మన భాషలో నేడు నాలుగు పేర్లు నడుచుచున్నవి. గోదావరి మీద సరంగు. పత్రికలలో బోటు డ్రైవరు. చట్టమున మాస్టరు. వ్యాసములలో కర్ణధారుడు లేక నావికుడు. ఇవి పర్యాయపదములని సరిపెట్టుకొనుట పొరపాటు.

సరంగు పారసీకములోని సర్‌హంగ్ నుండి వచ్చినది. దానికి దళమునకు నాయకుడని అర్థము. 1917 నాటి అంతర్దేశీయ ఆవిరి నౌకల చట్టము యోగ్యతాపత్రములు పొందవలసిన వారిని మాస్టరు, సరంగు, ఇంజనీరు, ఇంజను డ్రైవరు అని వేర్వేరుగా పేర్కొన్నది. అనగా ఆ చట్టము దృష్టిలో డ్రైవరు ఇంజనును చూచువాడు, పడవకు బాధ్యుడు సరంగో మాస్టరో. 2021లో క్రొత్త అంతర్దేశీయ నౌకల చట్టము దాని స్థానమున వచ్చినది. పడవ నమోదు, తనిఖీ, నడుపువారి యోగ్యతాపత్రము, ప్రాణరక్షణ సాధనములు ఈ చట్టమున విధింపబడినవి.

పత్రికలవారు బోటు డ్రైవరు అని వ్రాయునప్పుడు రెండు పనులు ఒక మాటలో కలిసిపోవుచున్నవి. అంతకన్న ముఖ్యమైనది మఱియొకటి కలదు. డ్రైవరు అనగానే మన మనస్సున మెదలునది యజమాని చెప్పిన చోటికి బండి తోలువాడు. 'గాలి బాగుగ లేదు, నేడు పడవ విడువను' అని చెప్పు హక్కు డ్రైవరునకు కలదని ఎవరును తలపరు. సరంగునకు ఆ హక్కు కలదని ఆ మాటయే చెప్పుచున్నది. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నము వద్ద పవిత్ర సంగమమున కృష్ణలో మునిగిన పడవకు అనుమతి లేదు. ఇరవైమందికి పైగా మరణించిరి. అట్టి పడవను రేవు నుండి కదలింపకుండ ఆపగల కడపటి మనిషి దానిని నడుపువాడు. వానిని మనము ఏ పేరుతో పిలుచుచున్నామో, ఆ పేరులో 'కాదు' అను అధికారము ఉండవలెను. కనుక శిక్షణ గ్రంథములలో సరంగు అను మాటనే నిలుపవలెనని మా మతము. ఏటి మీద బ్రతికియున్నది, చట్టమునకు పరిచితమైనది, ప్రయాణికునకు ఒక్కసారి చెప్పిన చాలును.

4

రెండవ పరీక్షకు దిక్కుల మాటలను గైకొందము. ఇంగ్లీషు నావికులు పడవ కుడి ప్రక్కను స్టార్‌బోర్డు అనియు, ఎడమ ప్రక్కను పోర్టు అనియు అందురు. పోర్టునకు పూర్వము లార్‌బోర్డు అనెడివారు. స్టార్‌బోర్డు, లార్‌బోర్డు అను రెండును ఒకే విధముగా ముగియుటచే గాలిలో ఒకటి మఱియొకటిగా వినబడుచుండెను. అందుచేత 1844లో బ్రిటిష్ నౌకాదళము లార్‌బోర్డును విడిచి పోర్టును స్థిరపఱచినది. శతాబ్దములుగా వాడుకలోనున్న మాటను చెవి కొఱకు త్యజించిరి.

వారి యాజ్ఞలలో మఱియొక చిక్కు కలదు. చుక్కాని పిడిని కుడికి త్రోసినచో పడవ ముందుకొన ఎడమకు తిరుగును. పాత యాజ్ఞలు పిడిని బట్టి యుండెను. 1912లో టైటానిక్ ఓడపై మంచుకొండ కనబడగానే స్టార్‌బోర్డు అని ఆజ్ఞాపించిరి. ఆనాటి పద్ధతిచొప్పున ఓడ ఎడమకు తిరిగినది. పిడి పోయి చక్రము వచ్చిన తరువాతను మాట మాఱలేదు. తుదకు 1933 నుండి బ్రిటిష్ ఓడలలో ఆజ్ఞ ఓడ ముందుకొన తిరుగవలసిన దిక్కునే చెప్పవలెనని మార్చిరి.

మన యేళ్లలో నేటికిని ఈ రెండు రకముల పడవలును నడుచుచున్నవి. నాటుపడవకు పిడి, లాంచీకి స్టీరింగు. పిడి పడవ మీద పని నేర్చినవాడు లాంచీ కెక్కినప్పుడు 'కుడికి' అను కేక వానికి ఏ యర్థము నిచ్చును? పిడి కుడికా, పడవ కుడికా? పైగా ప్రయాణికులలో సగము మంది వెనుకకు తిరిగి కూర్చుండినచో వారి కుడి పడవకు ఎడమ యగును. 'అందఱును కుడిప్రక్కకు జరుగుడు' అను మాటకు సగముమంది ఒకవైపునకును, సగముమంది రెండవవైపునకును లేతురు.

ఈ చిక్కునకు విఱుగుడు మా మెట్టసీమ రైతు చేతిలో నున్నది. కాడికి కట్టిన ఎద్దులలో ఎడమదానిని దాపటి ఎద్దు, కుడిదానిని వలపటి ఎద్దు అందురు. రైతు ఎద్దుల ముందు నిలిచినను, వెనుక నిలిచినను దాపటిది దాపటిదే. దాపల, వలపల అను మాటలు చూచువానిని బట్టి మాఱవు, కాడిని బట్టి నిలుచును. పోర్టు, స్టార్‌బోర్డులలోని భావము సరిగా ఇదియే. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి మాండలిక వృత్తిపదకోశమునకు మొదటి సంపుటముగా వ్యవసాయ పదములను వెలువరించినది. పొలము కొఱకు ప్రోగుచేసిన మాట ఏటికి పనికివచ్చుట గమనింపదగినది.

ఇంతవరకు వచ్చిన తరువాత దాపల, వలపల అను మాటలనే ఆజ్ఞలుగా విధింపుడని వ్రాయుటకు మాకును ఆశ కలిగినది. కాని మేము పెట్టిన మొదటి పరీక్షలోనే ఇవి తప్పుచున్నవి. రెండును 'పల' అని ముగియుచున్నవి. ఇంజను ప్రక్కన నిలిచి కేకవేసిన దాపలయు వలపలయు కడపటి రెండక్షరములు తప్ప వినబడవు. లార్‌బోర్డునకు పట్టిన దోషమే వీనికిని పట్టినది. పైగా ట్రాక్టరు వచ్చిన యూళ్లలో పదునెనిమిదేండ్ల వానికి ఈ మాటలు తెలియుట లేదు. కావున మా సూచన యిది. ఆజ్ఞకు కుడి, ఎడమ అను మాటలే ఉండనిండు. వాని ధ్వనులు వేఱు, వానిని ఎఱుగనివారు లేరు. కాని ఆ కుడి, ఎడమలు పడవవే కాని మనుష్యునివి కావని నేర్పునప్పుడు దాపటి ఎద్దును దృష్టాంతముగా చూపవలెను. ఆజ్ఞ పడవ ముందుకొననే చెప్పవలెను గాని పిడిని చెప్పరాదు. ప్రయాణికులకైతే దిక్కు చెప్పుటకన్న చేయి చాచి చూపుట మేలు.

5

ఇక ఆజ్ఞల నిర్మాణము. ఇచ్చట తెలుగు వ్యాకరణమే ఒక యపాయమును కల్పించుచున్నది. దీనిని ఇంతకుముందు మనము తగినంత గమనింపలేదని తోచుచున్నది.

'లేవండి', 'లేవకండి'. 'కదలండి', 'కదలకండి'. 'తలుపులు మూయండి', 'తలుపులు మూయకండి'. ఈ జంటలలో విధికిని నిషేధమునకును భేదము నడుమనున్న ఒక్క కకారము. మొదలును తుదియు సమానము. చెవి మాట మొదలును, తుదిని పట్టుకొనును. నడిమి అక్షరము ఇంజను హోరులో కొట్టుకొనిపోవును. అప్పుడు నిషేధము విధిగా మాఱును. 'లేవకండి' అని సరంగు అఱచిన కొలది జనము లేచి ఒక ప్రక్కకు పోవచ్చును. చిన్న పడవ బోల్తాపడుటకు అంతకన్న కావలసినది లేదు.

2018 మే 15న దేవీపట్నము మండలములోని మంటూరు వద్ద గాలివానలో ఒక లాంచీ మునిగినది. వాన లోపలికి కొట్టకుండ తలుపులు, కిటికీలు మూసికొని యుండుటచే లోపలివారు చిక్కుకొనిరి. మెట్టసీమ ఇంటిలో గాలివాన వచ్చినచో తలుపు మూయుట ప్రాణరక్ష. పడవలో తలుపు మూయుట ప్రాణాపాయము. భూమి మీద నేర్చిన బుద్ధియే నీటి మీద శత్రువగు ఇట్టి చోట్ల సరంగు మాట స్పష్టముగా నుండవలెను. 'తలుపులు మూయకండి' అనరాదు. 'తలుపులు తెఱవండి' అనవలెను. 'లేవకండి' అనరాదు. 'కూర్చోండి' అనవలెను. చేయరానిదానిని నిషేధించుటకు బదులు చేయవలసినదానిని విధించుట తెలుగు పడవకు మొదటి సూత్రము కావలెను. నిషేధము తప్పనిసరియైన చోట మా ప్రాంతపు వాడుకలోని 'వద్దు' మేలు. 'లేవొద్దు' అన్నప్పుడు నిషేధము మాట తుదను నొక్కి పలుకబడును.

పడవ పనివారి తమలోని ఆజ్ఞలకును ఇట్టి విచారణ కావలెను. 'తాడు పట్టు', 'తాడు కట్టు', 'తాడు పెట్టు' – మూడు పనులు, మొదటి అచ్చు హల్లులలో తప్ప భేదము లేదు. తెలుగు క్రియలలో 'ట్టు'తో ముగియునవి లెక్కకు మించినవి. పద్యమున ప్రాసకు ఇది సౌకర్యము, రేవులో ఇది గండము. 'తాడు అందుకో', 'తాడు బిగించు', 'తాడు వదులు' అనినచో మూడును మూడు విధములుగా వినబడును. క్రొత్త మాట సృష్టింప నక్కఱలేదు. ఉన్న మాటలలో ఒకదానినొకటి పోలనివానిని ఏఱుకొనిన చాలును.

6

ప్రయాణికునకు చెప్పు వస్తువుల పేర్లు మఱియొక తెగ. లైఫ్ జాకెట్టునకు ప్రాణరక్షక కవచము వంటి మాటలను కల్పించువారు కలరు. జాకెట్టు అందఱికిని తెలిసిన మాట. అది ఒంటికి తొడుగునదియని మాటయే చెప్పుచున్నది. దానిని మార్చుట వ్యర్థము. కాని దాని ప్రక్కనే వ్రేలాడు చక్రమును లైఫ్ బాయ్ అందురు. మా యూళ్ల వారికి ఆ పేరు వినబడగనే స్నానపు సబ్బు జ్ఞప్తికి వచ్చును. ఇచ్చట ఇంగ్లీషు మాట రెండవ పరీక్షలో తప్పుచున్నది. దిగుడు బావులలో ఈత నేర్చు పిల్లల నడుమునకు కట్టు తేలిక వస్తువును బెండు అందురు. నీట పడినవానికి విసరవలసిన చక్రమునకు 'బెండు' అను పేరు చాలును. 'బెండు విసురు' అనినచో గోదావరివానికిని, పుంగనూరువానికిని తెలియును.

ప్రాంతభేదము వలన మోసపుచ్చు మాటలును కలవు. పుట్టి అనగా కృష్ణ, తుంగభద్రల మీద గుండ్రని బుట్ట పడవ. మెట్టసీమలో అది ధాన్యపు కొలత. వంక అనగా గ్రంథభాషలో ప్రక్క, దిక్కు. మాకు వంక అనగా వాన కురిసినప్పుడు పాఱు సెలయేఱు. 'ఆ వంకకు పోరాదు' అను హెచ్చరికను మా సీమ వృద్ధుడు ఏమని గ్రహించును? నిఘంటువులో ఇవి నానార్థములు. హెచ్చరికల పలకపై నానార్థమునకు చోటు లేదు.

దీనికి ఎదురుగా, మెట్టసీమ పనిముట్ల నుండియే నీటి భయమును నేర్పవచ్చును. పడవ ఏల ఒరుగునో బోధించుటకు గురుత్వకేంద్రమను మాటతో ఆరంభించినచో వినువారు నిద్రింతురు. గడ్డిబండిని తలపింపుడు. మోకు బిగించి ఎత్తుగా గడ్డి వేసిన బండి సమతలమున పోవును. దారి ఒకవైపు వాలిన చోట బోల్తాపడును. బరువు ఎంతయున్నదను దానికన్న ఎంత ఎత్తున నున్నదనునది ముఖ్యమని రైతు ఎఱుగును. రెండంతస్తుల విహారపు పడవలో జనమంతయు పై యంతస్తునకు చేరి, చూడదగిన కొండ కనబడగనే ఒక ప్రక్కకు ఒరిగినచో అది గడ్డిబండియే. ఈ ఒక్క పోలిక చెప్పినచో 'క్రింద కూర్చోండి' అను మాటకు కారణము తెలియును. కారణము తెలిసిన ఆజ్ఞ త్వరగా నెఱవేఱును.

7

మా వాదమునకు రెండు ఆక్షేపణలు రాగలవు.

ఓడల భాష ప్రపంచమంతటను ఇంగ్లీషే గదా, సరంగులకును అదియే నేర్పరాదా యనునది మొదటిది. 2001లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఓడల సంభాషణకు ప్రామాణిక ఇంగ్లీషు వాక్యములను ఆమోదించిన మాట నిజము. వేర్వేరు దేశముల ఓడలు ఒకదానితో నొకటి మాటాడుటకు అది కావలెను. కాని ఆ వాక్యసముదాయపు సూత్రములను చూడుడు: ఒక సంగతికి ఒక వాక్యము, పర్యాయపదములు కూడవు, కుదించిన రూపములు కూడవు. మేము తెలుగునకు కోరుచున్నదియు ఇదియే. సూత్రమును గ్రహింపవలెను గాని సరంగు నోట పరభాషను పెట్టరాదు. 1990లో స్కాండినేవియన్ స్టార్ అను ప్రయాణికుల ఓడ కాలి 150 మందికి పైగా మరణించిరి. పనివారికిని ప్రయాణికులకును భాష కలియకపోవుట అచ్చటి కష్టములలో నొకటి. ఇంతకన్న పాత పాఠము మన దేశముననే కలదు. 1811లో కెప్టెన్ థామస్ రోబక్ కలకత్తాలో ఇంగ్లీషు–హిందుస్తానీ నౌకా నిఘంటువును ప్రకటించెను. లస్కర్లు అను మన ఓడపనివారికి ఆజ్ఞ లిచ్చుటకై ఇంగ్లీషు అధికారులు వారి మాటలను నేర్చుకొనవలసి వచ్చినది. ఆ గ్రంథము 1882లో జార్జి స్మాల్ చేతిమీదుగా సంస్కరింపబడి లస్కరీ నిఘంటువుగా మరల వెలువడినది. పరిపాలకుడే పనివాని భాషకు దిగివచ్చెను. తాడు పట్టువాడు పనివాడు గనుక వేఱు గతి లేకపోయెను.

రెండవ ఆక్షేపణ మా చోటికే చెందినది. కుప్పము మూడు రాష్ట్రముల కూడలి. ఇచ్చటి జనము తెలుగు, తమిళము, కన్నడము కలిపి మాటాడును. ఒక భాషలో మాటలు స్థిరపఱచిన లాభమేమి? ఈ ప్రాంతము నుండి హొగెనకల్లునకు పోవువారు కావేరిలో గుండ్రని బుట్ట పడవ నెక్కుదురు. తమిళుడు దానిని పరిసల్ అనును, కన్నడిగుడు హరిగోలు అనును. తెలుగు నిఘంటువులలో హరిగోలు, అరిగోలు అను రూపములు కలవు. కన్నడమున పూర్వపు పకారము హకారమైనది. తెలుగున ఆ మార్పు లేదు. కనుక హకారముగల రూపము మనకు కన్నడము నుండి వచ్చినదని తేలుచున్నది. పడవ పేరే మూడు భాషల నడుమ ఇట్లు ప్రయాణము చేసినది. ఆజ్ఞలు కూడ ప్రయాణము చేయగలవు. మూడు భాషలలోను ఐదో ఆఱో మాటలు – కూర్చోండి, పట్టుకోండి, జాకెట్టు తొడుగండి, తలుపు తెఱవండి, బెండు విసరండి – చేసైగలతో సహా నిర్ణయించి, పడవ కదలుటకు ముందే చెప్పించుట కష్టమైన పని కాదు. ఇట్టి పనికి 1997లో కుప్పమున ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయము కన్న తగిన చోటు వేఱొకటి లేదు. సోదర భాషల తులనాత్మక పరిశీలన దాని పుట్టుకకు కారణములలో నొకటి.

8

అంతర్దేశ జలమార్గముల శిక్షణకై 2004లో పాట్నాలో ఒక జాతీయ సంస్థ ఏర్పడినది. 2019 నాటి ప్రమాదము తరువాత మన రాష్ట్రమున రేవులలో నియంత్రణ కేంద్రములు వెలసినవి. పడవల తనిఖీ, జనసంఖ్య, ఏటి మట్టము వారి పని. మాటను తనిఖీ చేయుట మన పని. తెలుగు శాఖలు దీనిని తమది కాదని ఇతరులకు విడిచిపెట్టుట వలననే ఒకవైపు వాడుకలో లేని సంస్కృత సమాసములును, ఇంకొకవైపు ఎవరికిని తెలియని ఇంగ్లీషు మాటలును పలకలకెక్కుచున్నవి.

పరిశోధక విద్యార్థులు చేయదగిన పని స్పష్టముగనే యున్నది. గోదావరి లాంచీలపైన, కృష్ణ బల్లకట్టులపైన, శ్రీకాకుళపు మత్స్యకారులు తండేలు అని పిలుచు పడవపెద్దల నోటినుండి మాటలు సేకరింపవలెను. సేకరణతో ఆగరాదు. ఇంజను నడుచుచుండగా ఆ మాటలను పలికించి, ఇరువది అడుగుల దూరమున నున్నవారికి ఏమి వినబడినదో వ్రాసికొనవలెను. ఆ వినువారిలో ఏటి యొడ్డువారు కొందఱు, మదనపల్లె, పుంగనూరుల నుండి మొదటిసారి పడవ నెక్కినవారు కొందఱు ఉండవలెను. ఇరువురును ఒకటిగ విన్న మాట నిలుచును, తక్కినది ఎంత ప్రాచీనమైనను, ఎంత మధురమైనను తొలగును. దాపల, వలపల అను మాటలపై మాకు గల మక్కువను మేమే ఈ పరీక్షకు ఒప్పగించితిమి.

2018 జూలై 14న పశువుల్లంక వద్ద గౌతమిపై పోవుచున్న నాటుపడవ, కట్టుచున్న వంతెన స్తంభమునకు కొట్టుకొని తిరుగబడినది. అందులో ఇంటికి పోవుచున్న బడిపిల్లలుండిరి. వారు విహారమునకు వచ్చినవారు కారు, దినదినమును ఏఱు దాటి చదువుకొనువారు. మన పరిభాష ఏ గ్రంథమునకు చేరినను చేరకున్నను, అట్టి పిల్లలు ఎక్కు పడవలో సరంగు పలుకు మాటకు మొదట చేరవలెను.